ఇంటి మరమ్మతులు

ఇంటి మరమ్మతు మనమే చేసికొనవలెనా, పనివానిని పిలువవలెనా యని తలిదండ్రులు కొందఱు మమ్మడుగుచుందురు. కుళాయి కాఱుచున్నచో నీరువచ్చు వాల్వును మూసి, అరిగిన వాషరును మార్చుట పండ్రెండేండ్ల బాలుడు నేర్వదగిన పనియే. వింత యేమనగా, అది తక్కువపని యని బాలుని వారించు పెద్దలే, పాతయింటి ఫ్యూజు కాలినప్పుడు కూలి మిగులునని, దొరికిన లావుపాటి రాగితీగను తామే చుట్టుదురు! ఫ్యూజుతీగ సన్నగా నుండుట యెందులకు? విద్యుత్ప్రవాహము మితిమీఱినప్పుడు ముందుగా తాను కరగి యింటిని కాపాడుటకే. లావుతీగ కరగదు, గోడలోని తీగలే కాగి, పైతొడుగు అంటుకొనును. అదియునుగాక, 230 వోల్టుల విద్యుత్తు తడిచేతిని క్షమింపదు. ఇచ్చట ఎలక్ట్రీషియనును పిలువవలసినదే యని మా దృఢాభిప్రాయము.

పిలిచిన పిమ్మట బేరమాడుట మాకు సమ్మతము కాదు. అరగంటలో ముగించెనని కూలి తగ్గింతురేగాని, ఆ నేర్పు అలవడుటకు ఆతనికి ఎన్నియేండ్లు పట్టెనో తలపరు. నజరేతున వడ్లపని చేసిన ప్రభువును సేవించు ఇండ్లలో సైతము పనివానిని గుమ్మము వెలుపల నిలుపుట చూచుచున్నాము. ఆతడు మెయిను స్విచ్చి నాపి, టెస్టరుతో తీగను పరీక్షించి, పిమ్మటనే చేయివేయును. బాలబాలికలు కొంచెము దూరమున నిలిచి దానిని చూచినయెడల, తరగతిలో మేము చెప్పు విద్యుత్పాఠము వారికి సగము సులభమగును.