మన చేతిలో దొంగసొత్తు, వాళ్ళ బల్ల మీద వారసత్వం

మొన్న బెజవాడలో ఒక కల్యాణమండపంలో పాత నాణేల ప్రదర్శన పెట్టారు. మేం నలుగురం పోయాం. చందాల కోసం పోలేదు, కరపత్రాలు పంచడానికీ పోలేదు. మాకు నాణేలు పోగేసే అలవాటుంది, అందుకు పోయాం. సంఘం పని చేసుకునేవాళ్ళకి ఈ సోకులేంటని మన వాడలోనే కొందరు నవ్వారు. నవ్వితే నవ్వండి. చివరిదాకా చదవండి. ఇందులో మీ గడ్డపారకీ మీ గంపకీ సంబంధించిన మాటుంది.

మా దగ్గరున్నవి రాజుల బంగారు నాణేలు కావు. అమ్మమ్మల ట్రంకుపెట్టెల అడుగున దొరికినవి. 1943-47 మధ్య తెల్లదొరల సర్కారు నడుమ బొక్క పెట్టి కొట్టిన చిల్లికానీలు. మా అమ్మమ్మలు వాటిని దారానికి గుచ్చి పిల్లల మొలతాడుకి కట్టారు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు నడిచిన అణాలు, బేడలు. 2011 జూన్ దాటాక చెల్లకుండా పోయిన పావలాలు. బజారులో వీటికి పెద్ద ధర లేదు. మాకుంది. ఎందుకో చెప్తాం.

మా తాతలు దుకాణానికి పోతే కానీని షావుకారు చేతికి ఇవ్వనిచ్చేవాళ్ళు కాదు. నేలమీద పెట్టి పది అడుగులు వెనక్కి జరగాలి. షావుకారు చెంబుతో నీళ్ళు చల్లి, అప్పుడు తీసి గల్లాపెట్టెలో వేసుకునేవాడు. ఉప్పూ కిరసనాయిలూ పైనుంచి జారవిడిచేవాడు. మనిషిని ముట్టుకుంటే మైల. ఆ మనిషి చెమటోడ్చి తెచ్చిన కానీకి మాత్రం చెంబెడు నీళ్ళు చాలు, మైల పోతుంది! గల్లాపెట్టెలో పడ్డాక అది ఏ కులం కానీయో ఎవడికి తెలుసు? మరి మనిషికి ఎన్ని చెంబుల నీళ్ళు పోస్తే మైల పోతుందో ఏ శాస్త్రంలోనూ రాయలేదు.

ఆ కానీ అయినా ఎప్పుడో ఒకసారి. పాలేరుకి ఏడాది జీతం గింజల్లో కొలిచేవాళ్ళు. వెట్టికి గింజ కూడా లేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గాని రాలేదు. నాణేల మీద ఎందరో రాజుల బొమ్మలు మారాయి, మన చేతికి నాణెం రావడం మాత్రం అరుదుగానే ఉండిపోయింది. అందుకే ఆ చిల్లికానీ మాకు ముద్దు.

ఇక ప్రదర్శన సంగతి. బల్లలకి ఎర్రగుడ్డ పరిచారు. ప్లాస్టిక్ జేబులున్న ఆల్బములు, భూతద్దాలు, చిన్న త్రాసులు. పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన తండ్రులు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, ఊరూరూ తిరిగే వ్యాపారులు. నంబరులో 786 ఉన్న నోటుకి అసలు విలువకి ఎన్నోరెట్లు. ఒక పెద్దాయన మాకు ఓపిగ్గా నేర్పాడు: నాణెం మీద సంవత్సరం కింద చూడండి, నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో కొట్టింది. వజ్రం గుర్తుంటే బొంబాయిది. గుండ్రటి చుక్క ఉంటే నోయిడాది. ఏమీ లేకపోతే కలకత్తాది. అబద్ధమెందుకు, మాకు సంతోషమేసింది. మీరూ జేబులో రూపాయి తీసి చూడండి. ఈ విద్య ఎవడబ్బ సొత్తూ కాదు.

మాతో వచ్చిన నాలుగో మనిషి మా పెద్దయ్య. కృష్ణ ఒడ్డు ఊరు. పంచె కొంగున నాలుగు సీసం బిళ్ళలు కట్టుకొచ్చాడు. వాళ్ళమ్మ గేదెలు మేపే రోజుల్లో, వాన వెలిసినాక దిబ్బ మీద ఏరిందట. ఇప్పుడామెకి ఎనభై దాటాయి. ఒక బల్ల మీద అచ్చం అలాంటివే వరుసగా ఉన్నాయి. చిన్న అట్టల్లో బిగించి కింద చీటీ రాశారు: శాతవాహన, సీసం, ఏనుగు. ఒక్కోదానికి వందల్లో ధర. పెద్దయ్య సంబరపడి కొంగు విప్పి, "అయ్యా, ఇయ్యీ అయ్యేనాండీ?" అనడిగాడు.

వ్యాపారి ముందు బిళ్ళల్ని చూడలేదు. పంచె చూశాడు. చేతులు చూశాడు. "ఎక్కడివివి? ఎవరి పొలంలోవి? పోలీసులకి తెలిస్తే లోపలేస్తారు, తెలుసా?" అన్నాడు. పెద్దయ్య బిక్కచచ్చి కొంగు మూసుకోబోతే గొంతు తగ్గించి, "సర్లే, నాలుగూ కలిపి యాభై రూపాయలిస్తా, ఇచ్చిపో" అన్నాడు.

మేం అడిగాం: "మరి మీ బల్ల మీదవి ఎక్కడివి సార్?"

"కలెక్షన్" అన్నాడు.

అదీ సంగతి! అదే సీసం, అదే ఏనుగు. మన కొంగులో ఉంటే దొంగసొత్తు, వాళ్ళ అట్టలో ఉంటే వారసత్వం. మనల్ని అడిగే మాట "ఎక్కడిది?" వాళ్ళు చెప్పే మాట "కలెక్షన్." ఆ వ్యాపారి ఒక్కడే చెడ్డవాడని మేం అనం. ఆయన కూర్చున్న బల్ల అలాంటిది. దాని వెనక ఎవరు కూర్చున్నా అదే మాట అంటారు.

భూమిలోంచి నాణెం తనంతట తాను నడిచి ఎర్రగుడ్డ మీదికి రాదు. చెరువు పూడిక తీసేదెవరు? ఇళ్ళకి పునాదులు తవ్వేదెవరు? ఇటుకబట్టీకి మట్టి కొట్టేదెవరు? దిబ్బలు చదును చేసేదెవరు? గడ్డపారకి కుండ తగిలి ఖంగుమంటే ఆ చప్పుడు మొదట విన్న చెవి ఎవరిది? ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊళ్ళల్లో అందరికీ తెలుసు. మేస్త్రీ వస్తాడు. ఆసామి వస్తాడు. "పదండి పదండి, ఇక్కడేం లేదు" అంటారు. రాత్రికి కుండ మాయం. తెల్లారి పోలీసులొస్తే తన్నులు మాత్రం కూలివాళ్ళకి.

పుస్తకాల్లోనూ ఇదే వరస. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో 13 వేల పైచిలుకు వెండి నాణేలు దొరికాయి. నహపానుడి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తు మళ్ళీ కొట్టించాడని అవి చూపించాయి. మన నల్లగొండ జిల్లాలోనూ రోము చక్రవర్తుల నాణేలు బయటపడ్డాయి. ఊరి పేరు రాశారు, రాజు పేరు రాశారు, లోహం రాశారు, లెక్క రాశారు. తవ్విన చెయ్యి ఎవరిదో మేం చూసిన చీటీల్లో ఎక్కడా లేదు. "దొరికినవి" అని ఉంటుంది. ఎవరికయ్యా దొరికినవి?

చరిత్రలో మన పేరు మొదట్నుంచీ లేదని మాత్రం అనుకోవద్దు. ఆ కాలపు అమరావతి స్తూపానికి రాతిపలకలు దానమిచ్చినవాళ్ళలో విధికుడు అనే ఆయనున్నాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తన వృత్తి ఏమని చెక్కించుకున్నాడో తెలుసా? చమ్మకార. తోలు పనివాడు! తల్లినీ, భార్యనీ, అన్నదమ్ముల్నీ, కొడుకునీ, కూతుళ్ళనీ కలుపుకుని పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చాడు. తోలు పనివాడి ఇంట్లో దానమిచ్చేంత కలిమి ఉంది. ఆ దానాన్ని తీసుకున్న బౌద్ధముంది. పేరు రాతికెక్కించుకునే హక్కుంది. అంత పాతకాలంలో రాతికెక్కిన పేరు, ఇవాళ అట్టముక్క మీదికి ఎందుకు ఎక్కదు?

అదే మండపంలో ఇంకో బల్ల మీద బాబాసాహెబ్ ఉన్నారు. 1990లో శతజయంతికి వచ్చిన రూపాయి బిళ్ళ చిల్లర గుట్టలో పడి ఉంది. 2015 డిసెంబరు 6న విడుదలైన 125 రూపాయల బిళ్ళ మఖమల్ పెట్టెలో ఉంది. అది బజార్లో తిరగడానికి కొట్టింది కాదు, దాచుకునేవాళ్ళకి అమ్మడానికి కొట్టింది. దాంతోపాటు వచ్చిన పది రూపాయల బిళ్ళ మన చేతుల్లో తిరిగింది. తిరిగితే ఏమైంది? పది రూపాయల బిళ్ళలేవీ చెల్లవని పుకారు లేచింది. కొట్లవాళ్ళు తోసేశారు. 14 రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన చెయ్యాల్సి వచ్చింది. పెట్టెలో ఉన్న బాబాసాహెబుకి విలువ పెరిగింది, చేతిలో ఉన్న బాబాసాహెబు చెల్లలేదు. మన కథ అంతా ఈ రెండు బిళ్ళల్లోనే ఉంది.

నాణెం మీద ఆయన బొమ్మ చూసి మురిసేవాళ్ళకి ఒక మాట. నాణెం మీద బొమ్మ కాకముందే నాణెం గుట్టు విప్పినవారాయన. 1923లో లండన్‌లో 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' అచ్చయింది. రూపాయి విలువ పడినప్పుడు ఎగుమతి వ్యాపారికి వచ్చే లాభం సముద్రం అవతలనుంచి ఊడిపడేది కాదు, దేశంలోనే ఒక వర్గం దగ్గర తీసి ఇంకో వర్గానికి ఇచ్చేది అని వాదించారు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు కదా! నాణెం చూసి అందరూ అడిగేది "ఏ రాజుది?" అని. ఆయన అడిగింది "దీనివల్ల ఎవరి కంచం ఖాళీ అయింది?" అని. మేమూ ఆ ప్రశ్న పట్టుకునే బల్లల మధ్య తిరిగాం.

ఇప్పుడు పెద్దయ్యని బెదిరించిన చట్టం సంగతి. ఇంటికొచ్చి చదివాం. 1878లో తెల్లదొరలు చేసిన నిధినిక్షేపాల చట్టం అది. భూమిలో దాగిన విలువైన వస్తువు, పది రూపాయల విలువ దాటింది దొరికితే, దొరికించుకున్నవాళ్ళు కలెక్టరుకి రాసి తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు. తెలపకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మనకి ఇంతవరకే చెప్తారు. మిగతా సగం మింగేస్తారు. ఆ నిధికి సొంతదారులెవరూ లేరని తేలి, దొరికించుకున్నవాళ్ళకీ భూమి ఆసామికీ మధ్య ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికించుకున్నవాళ్ళవి. మిగిలిన ఒక్క వంతే ఆసామిది. సర్కారు తీసుకోదలిస్తే లోహం విలువకి దానిలో ఐదో వంతు కలిపి చెల్లించాలి. ఇదీ చట్టం మూలపాఠం. గడ్డపార పట్టిన చేతికి ముప్పావు, పట్టా పట్టిన చేతికి పావు! పరాయి దొరలు రాసిన వాటాని మన ఊరి దొరలు ఇంతవరకూ మన చెవిన పడనివ్వలేదు.

ఇంకోటి. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చెయ్యకూడదు అని 1972 చట్టం ఉంది. పోలీసు పేరు చెప్పి భయపెట్టినాయన్ని "ముందు మీ లైసెన్సు చూపించండి" అని మేం అడగాల్సింది. ఆ పూట తెలియక అడగలేదు. ఇకముందు అడుగుతాం. మీరూ అడగండి.

ఆ యాభై రూపాయలు ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాం. వాళ్ళమ్మ పేరుతో కలెక్టరుకి అర్జీ రాశాం. నాలుగు బిళ్ళలు, దిబ్బ పేరు, ఏరిన ఏడాది అంచనా, కింద ఆమె వేలిముద్ర. రసీదు చేతికొచ్చేదాకా ఆమె పేరు ఇక్కడ అచ్చెయ్యం. వచ్చిన రోజున పెద్దక్షరాల్లో అచ్చేస్తాం. సర్కారు ఎంతిస్తుందన్నది మాకు పెద్ద లెక్క కాదు. మ్యూజియం చీటీ మీద "ఏరినది ఫలానా ఆమె" అని ఉండాలి. ఆ లెక్క తేలాలి.

అన్నలారా, అక్కలారా! పని జరిగేచోట ఏదన్నా తగిలితే పని ఆపండి. అందరూ చుట్టూ నిలబడండి. ఒక్కరే దాచుకోవద్దు. దాచుకుంటే జైలు ఒకరికి, కుండ ఇంకొకరికి. ఫోనుతో ఫొటోలు తీయండి. లెక్కపెట్టండి. మొదట తగిలిన గడ్డపార ఎవరిదో పేరు రాయండి. పదిమంది సంతకాలు, వేలిముద్రలు వెయ్యండి. అదేరోజు కలెక్టరుకి, నకలు తహసీల్దారుకి. రసీదు లేకుండా మేస్త్రీకైనా, ఆసామికైనా, పోలీసుకైనా అప్పజెప్పొద్దు. చింతపండు పెట్టి తోమొద్దు, తోమితే అక్షరం అరిగిపోతుంది.

అమ్మమ్మల పెట్టెల్లో ఉన్న చిల్లికానీల్ని, అణాల్ని పాతసామాన్లవాడికి తూకానికి వెయ్యొద్దు. అట్ట మీద కుట్టి పక్కన రాయండి: ఎవరిది, ఏ పనికి కూలిగా వచ్చింది. ఏప్రిల్ 14న మన వాడల్లో మన బల్ల మనం పరుద్దాం. ఆ చీటీల్లో చేతి పేరు ముందు, రాజు పేరు తర్వాత.

ప్రదర్శనలో మాకు ఇంకోటి కూడా నేర్పారు. నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తాలంట, వేళ్ళ చెమట తగిలితే లోహం పాడవుతుందంట. మంచిదే, నేర్చుకున్నాం. కానీ మా తాతల చెమట తగిలిన కానీలతోనే ఆ నీళ్ళు చల్లినవాడి గల్లాపెట్టె నిండింది. అప్పుడు ఒక్క కానీ కూడా పాడవలేదు.

జై భీమ్.