ఫలానా వారి తరఫున

పోయిన వారం మా మేనేజరు గారు ఊళ్ళో లేరు. క్లయింటుకి అర్జంటుగా వెళ్ళాల్సిన ఉత్తరం మీద ఆయన సంతకం కావాలి. "నా సంతకం నువ్వే గిలికెయ్ బాబూ, ఎవరు చూడొచ్చారు?" అన్నారు ఫోన్లో. "మీ తరఫున అని రాసి నా సంతకం పెడతాను సార్" అన్నాను. "అబ్బే, అట్లా బాగుండదు" అన్నారు. నేను పెట్టలేదు. అప్పట్నుంచీ ఆఫీసులో నా పేరు చాదస్తం!

ఒకరి బదులు ఇంకొకరు సంతకం చేయడం తప్పని నేననను. అధికారం ఇస్తే ఏజెంటు చేసిన సంతకం చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఒప్పుకుంది. నా గొడవల్లా ఒకటే. పెన్ను పట్టిన చెయ్యి ఎవరిదో కాగితమే చెప్పాలి.

మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. మా తాత భూమి కొన్నది సాదా బైనామా మీద. అంటే రిజిస్ట్రేషన్ లేని మామూలు కాగితం. అమ్మినామెకి చదువు రాదు. కింద ఆమె నిశాని, పక్కన అది ఎవరి ఏ వేలిముద్రో వివరం, సాక్షులు, అన్నిటికీ అడుగున "దస్తూరి" అని రాసినాయన పేరు. ఆమె పోయాక కొడుకులు పేచీ పెడితే, మా నాయిన సరాసరి ఆ దస్తూరి ముసలాయన ఇంటికే వెళ్ళాడు. "రాసింది నేనే, ఏలు ఏసింది ఆమెనే" అన్నాడాయన పెద్దమనుషుల ముందు. పేచీ అక్కడితో సరి. ఆయనే ఆమె పేరు గిలికి చేతులు దులుపుకుని ఉంటే మా భూమి ఏమయ్యేది?

సర్కారు సంగతీ చూడండి. జీవో వెలువడేది గవర్నరు పేరిట, రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం. అయినా గవర్నరు సంతకాన్ని ఎవరూ గిలకరు. "గవర్నరు ఉత్తర్వు మేరకు, వారి పేరిట" అని రాసి, అధికారి తన పేరే పెడతాడు. కింద కాపీ పంపే సెక్షన్ ఆఫీసరుదీ సొంత సంతకమే.

మరి మనం? గిట్‌లో కోడు రాసినవాడు ఆథర్, ఎక్కించినవాడు కమిటర్ అని విడివిడిగా లెక్క చూస్తాం. నా పేరుతో ఇంకోడు కమిట్ చేస్తే యుద్ధమే! కానీ బాసు సంతకాన్ని స్కాన్ చేసి షేర్డ్ ఫోల్డర్లో పడేసి, టీమంతా తలా ఓ ఉత్తరానికి అతికిస్తాం.

"అట్లయితే పనులు ఆగిపోతాయి" అంటారు. "తరఫున" అని రాయడానికి రెండు సెకన్లు పట్టదు. అసలు సంగతి వేరు. రేపు ఏదైనా తేడా వస్తే, "నేను పెట్టలేదే" అని బాసు తప్పుకుంటాడు. ఫోన్లో ఇచ్చిన అనుమతికి సాక్ష్యం ఉండదు. ఫోర్జరీ మాట వచ్చేది గిలికిన చేతికే. ఆ చెయ్యి ఎప్పుడూ జూనియర్‌దే.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, బాసు అడిగితే సంతకం పెట్టండి. మీదే పెట్టండి, పైన "ఫలానా వారి తరఫున" అని రాయండి. అనుమతి మాత్రం ఒక లైను మెయిల్లో తీసుకోండి. ఆ ఒక్క లైను ఇవ్వడానికి బాసు జంకితే, ఆ ఉత్తరంలో ఏదో ఉందనే అర్థం.