అభిమాని కూడా పాఠకురాలే: 'ట్వైలైట్' నవలల పఠనం – విమర్శ దృష్టి

జనాదరణ పొందిన నవలను అంచనా కట్టేటప్పుడు విమర్శ తరచుగా ఒక పొరపాటు చేస్తుంది. గ్రంథంపై ఇచ్చిన తీర్పునే దాన్ని చదివినవారి మీద కూడా ఇచ్చివేస్తుంది. నవల పేలవమైనదైతే చదివినవారి మనస్సూ పేలవమేనని, నవల మత్తుమందు అయితే పాఠకురాలు మత్తులో ఉన్నదేనని వేరే విచారణ లేకుండానే నిర్ణయం జరిగిపోతుంది. అమెరికన్ రచయిత్రి స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' నవలామాలిక విషయంలో ఇదే జరిగింది. 2005 నుంచి 2008 వరకు ఏడాదికొకటిగా వెలువడిన 'ట్వైలైట్', 'న్యూ మూన్', 'ఎక్లిప్స్', 'బ్రేకింగ్ డాన్' నవలలు 10 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. చివరి నవల అమెరికాలో మొదటి రోజే 13 లక్షల ప్రతులు చెల్లింది. చదివినవారిలో ఎక్కువమంది యువతులు. వారి స్పందనను వర్ణించడానికి పిచ్చి, కేకలు, జ్వరం అనే మాటలే మళ్ళీ మళ్ళీ వాడుకలోకి వచ్చాయి. జ్వరం అన్న తరువాత కావలసింది వైద్యుడు గాని విమర్శకుడు కాదు. ఆ స్పందనలో ఏముందో పరిశీలించే బాధ్యత అక్కడితో తప్పిపోయింది.

కథ తెలిసినదే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎప్పుడూ వాన కురిసే ఫోర్క్స్ అనే చిన్న ఊరికి తండ్రి దగ్గర ఉండడానికి వచ్చిన 17 ఏళ్ళ బెల్లా స్వాన్, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో చావు అంచున రక్తపిశాచంగా మార్చబడి ఆనాటి 17 ఏళ్ళ వయస్సులోనే ఆగిపోయిన ఎడ్వర్డ్ కలెన్, తోడేలుగా మారగల క్విలియూట్ తెగ యువకుడు జేకబ్ బ్లాక్: ఈ ముగ్గురి మధ్య కథ నడుస్తుంది. బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' (1897)లో రక్తపిశాచం గడప దాటి వచ్చే శత్రువు. మేయర్ దానికి ఆకలిని అలాగే ఉంచి నిగ్రహాన్ని జోడించారు. ఎడ్వర్డ్ ప్రేమకూ ఆకలికీ లక్ష్యం ఒకే దేహం. దగ్గరైన ప్రతిసారీ అతడు తనను తాను ఆపుకోవాలి. అభిమానిని కట్టిపడేసింది ఈ ఆపుకోవడమే. ఎండలో మెరిసే అతని చర్మాన్ని చూసి నవ్వుకున్న విమర్శకులు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

వాక్యరచనలో మేయర్ బలహీనురాలన్న మాటను కాదనవలసిన అవసరం లేదు. 2009లో స్టీఫెన్ కింగ్ కూడా బహిరంగంగా ఆ మాటే అన్నారు. విశేషణాల పునరుక్తి, ఎడ్వర్డ్ సౌందర్యవర్ణనలో విసుగు పుట్టించేంత ఏకరూపత నవలల నిండా ఉన్నాయి. అయితే అభిమానుల చర్చల్లోనూ వీటిమీద హాస్యం కొరవడలేదు. నవలను ప్రేమిస్తూనే దాన్ని ఆటపట్టించడం వారి పఠనంలో భాగం. గుడ్డి ఆరాధన అని పేరు పెట్టినవారికి ఈ నవ్వు వినిపించలేదు.

నిర్మాణంలో ఉన్న ఒక విశేషాన్ని మాత్రం విమర్శకన్నా అభిమానే ముందుగా పట్టుకుంది. ఎడ్వర్డ్ ఇతరుల మనస్సులోని మాటలను వినగలడు; బెల్లా మనస్సు ఒక్కటే అతనికి అందదు. కథ సాగేది బెల్లా ఉత్తమపురుష కథనంలో. అంటే సర్వజ్ఞుడైన నాయకునికి మూసుకుపోయిన మనస్సు పాఠకురాలికి మాత్రం తెరుచుకొని ఉంది. నాయికా మనస్సు వద్ద ఆమెకు దక్కిన చోటు నాయకునికే దక్కలేదు. బెల్లాకు వ్యక్తిత్వం లేదని, ఎవరైనా వచ్చి కూర్చోవడానికి వీలుగా ఖాళీగా వదిలిన కుర్చీ అని చెప్పేవారు కుర్చీని చూశారు గాని దాన్ని ఎక్కడ వేశారో చూడలేదు.

ఇదే కథను ఎడ్వర్డ్ కంఠంతో చెప్పే 'మిడ్‌నైట్ సన్' అసంపూర్ణ ప్రతి 2008లో అనుమతి లేకుండా బయటికి పొక్కింది. మేయర్ రచనను ఆపివేశారు. పుస్తకం వెలువడడానికి 2020 దాకా పట్టింది. ముగింపు తెలిసిన కథ కోసం, సంభాషణలు చాలావరకు కంఠస్థమైన కథ కోసం, అభిమానులు 12 ఏళ్ళు ఎదురుచూశారు. తరువాత ఏమవుతుందన్న కుతూహలం ఇంతకాలం నిలవదు. చెప్పే కంఠం మారితే అదే కథ ఏమవుతుందన్న కుతూహలం నిలుస్తుంది. కథనంలో దృష్టికోణం గురించి తరగతిలో గంటలకొద్దీ బోధించే ఆచార్యులు ఈ నిరీక్షణకు వేరే పేరు పెట్టడం వింత.

అభిమాని కేకలు, కన్నీళ్ళు సాహిత్యానుభవం కిందికి రావనే వాదాన్ని మన శాస్త్రమే అంగీకరించదు. భరతుడు నాట్యశాస్త్రంలో సిద్ధులను వివరించే అధ్యాయంలో ప్రేక్షకుల ప్రతిక్రియలను వర్గీకరించాడు. చిరునవ్వు, అర్ధహాసం, అతిహాసం, 'సాధు', 'అహో', 'కష్టం' అనే ఉద్గారాలు, పెద్దగా చెలరేగే ధ్వని వాఙ్మయ సిద్ధి. పులకాంకురాలు, ఆసనం నుంచి లేచి నిలబడడం, వస్త్రాలూ ఉంగరాలూ విసరడం శారీర సిద్ధి. ఇవి ప్రయోగం ఫలించిందనడానికి గుర్తులని ఆయన భావించాడు గాని ప్రేక్షకులకు సంస్కారం లేదనడానికి నిదర్శనాలని భావించలేదు. ఒక్కొక్క వయస్సువారు ఒక్కొక్క విషయంలో తృప్తి పొందుతారని చెబుతూ తరుణులకు కామసంబంధమైన వస్తువు ప్రీతికరమన్నాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. సినిమా హాలులో జేకబ్ కనిపించగానే కేక వేసిన పదహారేళ్ళ పిల్ల భరతుని పట్టికలో ఉంది. ఆధునిక విమర్శ పట్టికలోనే ఆమెకు చోటు లేదు.

దీనిపై బలమైన పూర్వపక్షం అభినవగుప్తుని వైపు నుంచి వస్తుంది. సహృదయుడంటే కావ్యానుశీలనాభ్యాసం చేత మనోదర్పణం నిర్మలమైనవాడు కదా, నిజసుఖదుఃఖాలకు వశం కావడం రసవిఘ్నాల్లో ఒకటి కదా, అభిమాని తన కోరికనే నవలలో చూసుకుంటుంది కదా అని. ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. అభిమాని ఒక్క గ్రంథాన్నే పదిసార్లు చదవడం అభ్యాసమే అయినా అది పలు కావ్యాల అనుశీలనకు సమానం కాదన్నది నిజం. కాని ఆమె స్పందన అంతా నిజసుఖమేనా అన్నది నవలల వారీగా పరిశీలించి తేల్చవలసిన విషయం.

'న్యూ మూన్'లో ఎడ్వర్డ్ వెళ్ళిపోయిన తరువాత కొన్ని పుటల్లో అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అనే నెలల పేర్లు తప్ప మరేమీ ఉండవు. అభిమానులు తరచుగా తలచుకునే ఘట్టాల్లో ఇదొకటి. మాటలే లేని పుటల దగ్గర ఆగిపోయి, ఆ శూన్యంలో విప్రలంభాన్ని చదివిన పాఠకురాలికి ధ్వని అనే మాట తెలియకపోవచ్చు; ఆమె చేసిన పని మాత్రం అదే. సుఖం ఇచ్చే నాయకుడు కథలోంచి తప్పుకున్న నవలను కూడా ఆమె వదలలేదన్నది గమనించదగినది.

'బ్రేకింగ్ డాన్' ఉదంతం ఇంకా స్పష్టమైనది. వివాహం, శిశుజననం, నాయిక అమరత్వం, శత్రువుల వెనుదిరుగు: కోరిక తీరడమే అభిమానికి కావలసిందైతే ఆమె కోరిన వరాలన్నీ ఈ నవలలో దొరికాయి. అయినా అభిమానుల్లో పెద్ద వర్గం తిరగబడింది. పుస్తకాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేయమని కొందరు తోటి పాఠకులకు పిలుపునిచ్చారు. రక్తపిశాచం దేహంలో మార్పు ఉండదని ముందు నవలలు నెలకొల్పిన నియమానికీ ఈ శిశుజననానికీ పొత్తు కుదరలేదన్నారు. మూడు నవలల పాటు బెల్లాను ప్రేమించిన జేకబ్‌ను అప్పుడే పుట్టిన ఆమె కూతురికి ముడిపెట్టడం పాత్రకు అన్యాయమన్నారు. వందల పుటల సన్నాహం తరువాత యుద్ధమే జరగకపోవడం వంచన అన్నారు. (2012 నవంబరులో వచ్చిన చివరి సినిమా ఆ యుద్ధాన్ని ఒక పాత్ర చూసిన భవిష్యద్దర్శనంగానైనా చూపక తప్పలేదు.) అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాల్లో మొదటిదే సంభావనావిరహం. కల్పనాలోకానికి దాని నియమాలు దానికి ఉంటాయని, వాటిని రచయిత్రి కూడా మీరరాదని ఈ పాఠకులు పట్టుబట్టారు. నిజసుఖం దక్కిన చోటనే ఔచిత్యం కోసం కోపగించుకున్నవారిని ఏ విఘ్నం కింద జమకట్టాలి?

నైతిక హాని గురించిన వాదం మరొకటి. బెల్లా నిద్రపోతుండగా ఆమెకు తెలియకుండా గదిలోకి వచ్చి చూస్తూ కూర్చోవడం, జేకబ్ దగ్గరికి వెళ్ళకుండా ఆమె ట్రక్కు ఇంజన్‌లోని భాగాన్ని ఊడదీయడం ప్రేమ కాదు, ఆధిపత్యం. ఈ స్త్రీవాద విమర్శ సరైనది. ఆడపిల్లలు దీన్నే ఆదర్శంగా తీసుకుంటారన్న అనుబంధ వాక్యం మాత్రం నిరూపణ లేనిది. ఎడ్వర్డ్ పక్షమా, జేకబ్ పక్షమా అని అభిమానులు ఏళ్ళ తరబడి వాదించుకున్నప్పుడు చర్చకు వచ్చినవి ఈ ఘట్టాలే. ఎవరు అందగాడన్న తగవుతో పాటు ఎవరు ఆమె ఇష్టాన్ని మన్నిస్తారన్న తగవు కూడా అందులో ఉంది. నాయిక నిస్సహాయతపై వచ్చిన ఆక్షేపణలకు జవాబుగా మేయర్ 2015లో స్త్రీపురుష పాత్రలను తారుమారు చేసి 'లైఫ్ అండ్ డెత్' రాయవలసి వచ్చింది. అంతకు ఎంతో ముందే, 1984లో, జానిస్ రాడ్వే 'రీడింగ్ ది రొమాన్స్'లో ఒక అమెరికన్ పట్టణంలోని ప్రణయనవలా పాఠకురాళ్ళను స్వయంగా ప్రశ్నించి, వారు మంచి ప్రణయకథకూ విఫలమైన దానికీ మధ్య స్పష్టమైన ప్రమాణాలతో తేడా చూపగలరని, ఇంటిచాకిరీ మధ్య తమకంటూ కొంత సమయాన్ని కాపాడుకోవడానికి పుస్తకాన్ని అడ్డుపెట్టుకుంటారని చూపారు. ఆమె వారిని మెచ్చుకొని ఊరుకోలేదు. ఆ పఠనం పితృస్వామ్యాన్ని మార్చకుండా సర్దుబాటు చేస్తుందనీ అన్నారు. అడిగి తెలుసుకున్న తరువాత అన్న మాట కనుక దానికి బలం ఉంది.

తెలుగు నవలా విమర్శకు ఈ చర్చ పరాయిది కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివినవారు కలల్లో తేలిపోయారని, యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చదివినవారు మూఢనమ్మకాల్లో కూరుకుపోయారని చెప్పడానికి విమర్శకు పెద్ద ఆధారాలు అవసరం కాలేదు. 'క్షుద్ర సాహిత్యం' అన్న పేరు వస్తువును సూచించడానికి పుట్టి, నెమ్మదిగా పాఠకుల అభిరుచికి కూడా అంటుకుంది. సిద్ధాంత వ్యాసాలు నేటికీ ఇతివృత్తం, పాత్రచిత్రణ, శిల్పం, శైలి అనే అధ్యాయాలతో నడుస్తాయి. పాఠకస్పందనకు అధ్యాయం అరుదు. వారపత్రికల నుంచి సీరియల్ పుటలను చించి, వారం వారం దాచి, బైండు చేయించుకున్న గృహిణులు ఎందరో. ఆ బైండు పుస్తకం కూడా ఒక స్పందనే, ఒక సంకలనమే. కాని అందులో కథ పుటలే ఉంటాయి. సీరియల్ నడుస్తుండగా రచయిత్రిని మెచ్చుకుంటూ, తప్పుపడుతూ, నాయిక ఫలానా పని చేయరాదని హెచ్చరిస్తూ పాఠకులు రాసిన ఉత్తరాల పుటలు చిత్తుకాగితాల్లో కలిశాయి. కథ ఏ వారం ఎలా చదవబడిందో చెప్పగల సాక్ష్యం అదే.

ఇంతమాత్రాన అభిమానిని సింహాసనం ఎక్కించనవసరం లేదు. పాఠకుల సృజనకు విజయమని కొనియాడే ధోరణి కూడా విచారణను తప్పించుకునేదే. 'ట్వైలైట్' ఆధారంగా ఒక అభిమాని అల్లిన కథ పేర్లు మార్చుకొని 2011లో 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' అయింది. ఆధిపత్యాన్ని ప్రశ్నించిన పాఠకులున్న చోటనే దాన్ని మరింత చిక్కగా మరిగించి అమ్మినవారూ ఉన్నారు.

అభిమానిని గట్టిగా నిలదీయవలసిన చోటు వేరే ఉంది, విమర్శ అక్కడికి చాలా ఆలస్యంగా చేరుకుంది. క్విలియూట్ కల్పిత తెగ కాదు. పసిఫిక్ తీరంలో, ఫోర్క్స్‌కు దగ్గరలో ఉన్న లా పుష్ వారి నివాసం. సుమారు ఒక చదరపు మైలు. తాము తోడేళ్ళ నుంచి రూపుదిద్దుకున్నామనే మూలకథ వారికి నిజంగా ఉంది. ఆ కథకు మేయర్ రక్తపిశాచాలతో పాతవైరాన్ని కల్పించి అతికించారు. సాధారణీకరణం వల్ల సీత సీతగా కాక స్త్రీమాత్రంగా తోస్తుందని అలంకారికులు చెప్పారు. జేకబ్ విషయంలో అదే ప్రక్రియ మరో పని చేసింది: క్విలియూట్ యువకుడు ప్రేమికుడిగా సాధారణీకృతుడై, తెగ అదృశ్యమైంది. జేకబ్ పక్షం వహించిన అభిమాని ఎవరి పక్షం వహించినట్టు? జ్వరపీడితురాలిని ఈ ప్రశ్న అడగలేము. పాఠకురాలిని అడగవచ్చు, అడగాలి. సియాటెల్‌లోని బర్క్ మ్యూజియం ఆ తెగవారితో కలిసి నవలల్లోని కల్పనకూ తెగ చరిత్రకూ తేడాను వివరించే పని చేపట్టింది. సునామీ ముప్పున్న తీరం నుంచి ఎత్తైన నేలకు తరలడానికి ఒలింపిక్ జాతీయ ఉద్యానవనం నుంచి సుమారు 785 ఎకరాలు తెగకు దక్కేలా 2012 ఫిబ్రవరిలో అమెరికాలో చట్టం వచ్చింది. బెల్లా పుట్టినరోజు సెప్టెంబరు 13 అని అభిమానులకు కంఠతా తెలుసు. ఫోర్క్స్‌లో ఆ తేదీకి ఉత్సవం జరుగుతుంది. అక్కడి నుంచి లా పుష్ తీరానికి కారులో అరగంట ప్రయాణం కూడా లేదు.