మా కాగితం మేమే చదువుకుంటాం

చూపులేని వాళ్లకు కంప్యూటర్లు పంచామని దండలేయించుకునే పెద్దలారా! ఫోటోలు దిగింది చాలు. ఒక్క మాట చెప్పండి. ఆ కంప్యూటర్ ముందు పాస్ పుస్తకం పెడితే చదువుతుందా? కోర్టు నోటీసు పెడితే తెలుగులో చదివి వినిపిస్తుందా? కొనేముందు చూపులేని మనిషిని ఒక్కరినైనా కూచోబెట్టి అడిగారా?

అడగలేదు. చూపున్నోళ్లే కమిటీ అయ్యారు. చూపున్నోళ్లే నమూనా చూశారు, సంతకం పెట్టారు. వాడాల్సింది మాత్రం మేం.

కాగితం చదవలేకపోవడమంటే ఏమిటో పల్లె జనానికి మేం చెప్పక్కర్లేదు. కరణం చదివిందే లెక్క, చూపించిన చోటే వేలిముద్ర అన్న రోజులు మన తాతలు చూశారు. చదువొచ్చీ చూపులేని మాకు ఇవాళ్టికీ అదే గతి. బ్యాంకు కాగితం పక్కింటాయన చదవాలి. ఆస్పత్రి రిపోర్టు బావమరిది చదవాలి. వాళ్లు చదివిందే మాకు తెలిసేది. వదిలేసింది మాకు లేనట్టే. మా రోగం, మా అప్పు ఊరందరికీ తెలిశాకే మాకు తెలుస్తుంది.

దీనికి మందు ఎప్పుడో దొరికింది. 1976లోనే అమెరికాలో రే కర్జ్‌వైల్ అచ్చుపేజీని పైకి చదివే యంత్రం తెచ్చాడు. కిటుకు ఇంతే: స్కానరో ఫోన్ కెమెరానో పేజీని బొమ్మ తీస్తుంది. ఓసీఆర్ అనే ప్రోగ్రాం ఆ బొమ్మలోంచి అక్షరాలు ఏరుతుంది. స్క్రీన్ రీడర్ వాటిని పలుకుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి చెడినా మిగతా రెండూ దండగ.

మన దగ్గర చెడేది ఎక్కువగా నడిమిదే. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. తెలుగుకు గుణింతాలు, పైన తలకట్లు, కింద ఒత్తులు. వ, ప, మ దగ్గర యంత్రం తడబడుతుంది. ఒత్తు ఎగిరిపోతే 'పట్టా' కాస్తా 'పటా' అవుతుంది. ఇంగ్లీషు పేజీ గడగడా చదివిందని మురిసి కొన్న సరుకు మన ఊరి కాగితం ముందు నోరు మూసుకుంటుంది.

ధర ఎక్కువుంటే మంచిదనే మాట కూడా నమ్మొద్దు. ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపులేని వాళ్లే. టెసరాక్ట్ అనే ఓసీఆర్ హెచ్‌పీ కంపెనీలో పుట్టి, 2005లో అందరి సొత్తయింది. దానికి తెలుగొచ్చు, నెట్ లేకుండా మన కంప్యూటర్లోనే పనిచేస్తుంది.

సంఘాలోళ్లు రాసుకోండి, ఎంచేటప్పుడు మా లెక్క ఇదీ.

ఒకటి: మౌస్ ముట్టకుండా, కీబోర్డుతోనే మొత్తం పని జరగాలి. ప్రతి మీటా తన పేరు చెప్పాలి. "బటన్, బటన్" అని మాత్రమే అరిచేది మాకొద్దు.

రెండు: అమ్మేవాడు తెచ్చిన తళతళలాడే పేజీతో పరీక్ష పెట్టొద్దు. మన కాగితాలే పెట్టండి. మడతలు పడ్డ పహాణీ, ముద్ర మీద ముద్ర పడ్డ సర్టిఫికెట్, జిరాక్సుకు జిరాక్సు.

మూడు: పేజీ తలకిందులైతే, మూల తెగితే, అది నోరు తెరిచి చెప్పాలి. చూపున్నోళ్లకు కంటికి కనబడుతుంది. మాకెవరు చెప్తారు?

నాలుగు: పట్టికలో ఏ అంకె ఏ గడిదో కలగాపులగం కాకూడదు. సర్వే నంబరు ఎకరాల్లో కలిస్తే కొంపలంటుకుంటాయి.

ఐదు: కాగితం ఎక్కడికి పోతోందో తెలియాలి. గూగుల్ డాక్స్ తెలుగు బాగానే చదువుతుంది, కానీ పేజీ వాళ్ల కంప్యూటర్‌కు వెళ్లి వస్తుంది. పాటల పుస్తకానికి పర్లేదు. ఎఫ్ఐఆర్ కాపీకి, ఆధార్‌కు ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ఏఐ వచ్చింది, చేతిరాత కూడా చదువుతుందంటున్నారు. వాడుకుందాం. కానీ అర్థంకాని చోట అది లేని మాట కల్పించి నున్నగా చదివేస్తుంది. పాత యంత్రం తప్పు చదివితే చెవికి ఎబ్బెట్టుగా తగిలేది, దొరికిపోయేది. ఇది దొరకదు. అంకెలు, పేర్లు, తేదీలు రెండో ప్రోగ్రాంతో సరిచూడాల్సిందే.

ఇంతకీ మాకీ స్కానింగు బాధ ఎందుకొచ్చింది? సర్కారు జీవో కంప్యూటర్లోనే టైపవుతుంది. అప్పుడది సజీవమైన అక్షరం. దాన్ని కాగితం మీద అచ్చేసి, ముద్ర కొట్టి, మళ్లీ బొమ్మ తీసి వెబ్‌సైటులో పెడతారు. చంపింది వాళ్లు, ప్రాణం పోయాల్సింది మేం! ఇంకొందరు అను ఫాంట్లలో టైపు చేస్తారు. కంటికి తెలుగే, లోపల మాత్రం వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్ పిచ్చి కూతలు కూస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్లుగా ఎవరికోసం ఆగారు?

చట్టం లేదా? ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ అచ్చులో, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్నదంతా మాకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలంటోంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చెయ్యమంది. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. సలహాలు కావివి, తీర్పులు.

అందుకే అడుగుతున్నాం. సాఫ్ట్‌వేర్ కొనే ప్రతి కమిటీలో వాడే మేం కూచోవాలి. మేం సరేనన్నాకే బిల్లు చెల్లించాలి. ప్రతి జీవో, ప్రతి నోటీసు పక్కన యూనికోడ్ ప్రతి పెట్టాలి. మండల ఆఫీసులో, గ్రంథాలయంలో మాట్లాడే స్కానర్ ఒకటి ఉండాలి.

మీ ఊళ్లో చూపులేని వాళ్లుంటే ఈ పత్రిక చదివి వినిపించండి. తర్వాత వాళ్లతో కలిసి మండల ఆఫీసుకు నడవండి. జాలి మాకొద్దు. మా కాగితం మా చెవిన పడాలి!