ఇంటి ఆరోగ్యం: వారానికొకటి అంటే వారానికొకటే

పోయిన నెల బీపీ గోలీల గురించి రాసినంక, కలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నరు: "అక్కా, పొద్దున లేవంగనే ఒళ్లంతా కట్టెలెక్క బిగుసుకుపోతుంది. ఏ విటమిన్ గోలి వేసుకుంటే పోతది?" సాంచాల మీద పనిచేసే అన్నలూ అడుగుతున్నరు, ఇంట్ల కూసోని బీడీలు చుట్టే అక్కలూ అడుగుతున్నరు. జవాబు చెప్పే ముందు మా ఇంట్ల జరిగింది చెప్తా.

మా బావ ఇరవై ఆరేండ్లు సాంచాలు నడిపిండు. రెండేండ్ల కింద ఆయనకు మెడ, భుజాలు, తొడలు పట్టేసుడు మొదలైంది. కింద కూసుంటే చెయ్యి ఆనకుండ లేవలేకపోయేది. మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవాల్సిందే. డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే డి విటమిన్ 9 ఉంది. 20కి తక్కువ ఉంటే లోపమే అంటరు. 60,000 యూనిట్ల గోలీలు ఎనిమిది రాసిచ్చిండు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు.

నెల తిరిగేసరికి నొప్పులు కొంచెం తగ్గినయి. బావకు ఆశ పుట్టింది. "వారానికొకటి వేసుకుంటేనే ఇంత గుణం కనిపిస్తే, రోజుకొకటి వేసుకుంటే ఇంకెంత!" అనుకున్నడు. చీటీ లేకుండనే మెడికల్ల అడిగితే ఇచ్చిన్రు. ఇంట్ల ఎవరికీ చెప్పకుండ నెలన్నర రోజూ మింగిండు. ఆ తర్వాత వాంతులు, ఎంత తాగినా తీరని దాహం, మాటిమాటికి మూత్రం, మలబద్ధకం. ఒకనాడు మాట తడబడితే దవాఖానకు తీసుకపోయినం. రక్తంల కాల్షియం విపరీతంగా పెరిగింది, కిడ్నీల మీద దెబ్బ పడుతున్నది అన్నరు. అయిదు రోజులు సెలైన్ ఎక్కించిన్రు. మామూలు మనిషి అయ్యేసరికి మూడు నెలలు పట్టింది. కూలి పోయింది, సొసైటీల అప్పు మిగిలింది.

ఎందుకట్లైంది? బి విటమిన్లు, సి విటమిన్ ఎక్కువైతే చాలామట్టుకు మూత్రంల పోతయి. డి విటమిన్ అట్ల పోదు, కొవ్వుల నిలవ ఉంటది. గోలి ఆపినా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పనిచేస్తనే ఉంటది. అందుకే దాన్ని వారానికొకటి ఇస్తరు. అన్నం తిన్నంక గాని, పాలతో గాని వేసుకోవాలె. పరగడుపున వేసుకుంటే సరిగ్గ ఒంటబట్టదు.

"ఎండకు మాడే షోలాపూర్ల ఎండ విటమిన్ తక్కువ ఎట్లైతది?" అని మీరు అడగొచ్చు. ఎండ ఊరి మీద పడితే సరిపోదు, మన చర్మం మీద పడాలె. పన్నెండు గంటలు షెడ్డులనే ఉంటిమి, రాత్రి పాళీ అయితే పగలంత పడుకుంటిమి. బీడీ అక్కలు చాట ఒళ్లో పెట్టుకోని ఇంట్లనే ఉంటరు. తెల్లారుజాము ఎండల ఈ విటమిన్ తయారుకాదు. సుట్టీ నాడన్నా పది, పదకొండు గంటలప్పుడు చేతులు, మెడ మీద ఎండ పడేటట్టు ఓ అరగంట నిలబడాలె. మే నెలల మాత్రం పదిలం, వడదెబ్బ తగలనియ్యొద్దు.

ఇక అసలు ముచ్చట. లోపం ఉంటేనే గోలి పనిచేస్తది. లోపం లేనివాళ్లకు డి విటమిన్ ఇచ్చినా పట్టేసింది విడువదు. అరికాళ్లల్ల తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉంటే బి12 చూపించుకోవాలె. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకు, ఏండ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకు అది తగ్గుతది. రాత్రిపూట పిక్కలు గుంజుతుంటే మెగ్నీషియం కొంటున్నరు. పెద్దలకు దానితో పెద్ద ఫలితం కనపడలేదని పరీక్షలు చెప్తున్నయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే అడగకుండ ముట్టొద్దు.

లోపం కాకుండ వేరే జబ్బు కూడ ఉండొచ్చు. థైరాయిడ్ తగ్గితే ఒళ్లు పట్టేస్తది. కొలెస్ట్రాల్ గోలీలతో కొందరికి కండరాల నొప్పి వస్తది. అట్లని వాటిని మీరే ఆపొద్దు, డాక్టరుకు చెప్పున్రి. నలభై లోపు పిల్లగానికి పొద్దుపొద్దున నడుము బిగుసుకొని, పనిల పడ్డంక సదురుకుంటే అది వెన్నుపూస వాతం కావచ్చు. వేళ్ల కీళ్లు వాచి గంటసేపు ముడుచుకోకపోతే కీళ్లవాతం కావచ్చు. ఇవి విటమిన్లతో పోయేవి కావు. మూత్రం నల్లచాయ లెక్క వచ్చినా, నొప్పితోని జ్వరం ఉన్నా ఆగకుండ దవాఖానకు పోవాలె.

ఇంకో మాట. పేరు లేని పొట్లాలల్ల "మూలికల పొడి" అమ్ముతుంటరు. రెండు దినాలల్ల నొప్పి మాయమైతే సంతోషపడకున్రి, అనుమానపడున్రి. అసొంటి వాటిల్ల స్టెరాయిడ్ కలుపుతున్నరని ఎన్నోసార్లు బయటపడ్డది. మొఖం ఉబ్బుతది, షుగరు పెరుగుతది, ఎముకలు గుల్లబారుతయి. చాన రోజులు తిన్నంక ఒక్కసారి ఆపినా ప్రమాదమే. పొట్లం పట్టుకోని డాక్టరు దగ్గరికే పోవాలె.

ఈఎస్‌ఐ కార్డు ఉంటే కార్మికునికే కాదు, ఇంటోళ్లకూ వైద్యం ఉంటది. బీడీ కార్డు ఉన్న అక్కలకు కార్మిక సంక్షేమ దవాఖానలున్నయి. ముందు అక్కడ అడుగున్రి, పరీక్ష ఖర్చు మిగులుతది.

మా బావ ఇప్పుడు నెలకొక గోలి, అదీ డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నడు. పనికి పోయే ముందు, వచ్చినంక పది నిమిషాలు మెడ, భుజాలు, తొడలు సాగదీస్తడు. పట్టేసుడు పూర్తిగ పోలేదు, సగానికి తగ్గింది. మా అక్క గోడ మీది క్యాలెండర్ల గోలి తారీఖుకు ఎర్రపెన్నుతో గుండ్రంగ గీత గీసి పెట్టింది. గోలీల డబ్బా మాత్రం తన బీరువాలనే పెట్టుకుంటది. మీ ఇంట్ల కూడ ఆ పని ఇయ్యాలనే చెయ్యున్రి.