పిల్ల పారిస్‌లో... ఫోను దొంగ జేబులో!

మీ ఇంట్లో విదేశంలో చదివే పిల్లలున్నారా? లేక వచ్చే ఏడాది పంపే ఆలోచనలో ఉన్నారా? అయితే పొయ్యి మీద పప్పు దించేసి వచ్చి కూర్చోండి. ఇది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి. అలాంటి పిల్లలు లేనివాళ్ళు కూడా వినండి, పక్కింటావిడకు చెప్పడానికైనా పనికొస్తుంది.

మా పెద్దమ్మాయి జర్మనీలో ఆఖెన్ అనే ఊళ్ళో మాస్టర్స్ చదువుతోంది. మ్యాపులో చూస్తే ఆ ఊరు జర్మనీ పడమటి అంచుకి అతుక్కుని ఉంటుంది. ఒక పక్క నెదర్లాండ్స్, ఒక పక్క బెల్జియం. ఊరి బయట గుట్ట మీద మూడు దేశాల హద్దులూ కలిసే చోటొకటి ఉంది. వెళ్ళిన కొత్తలో దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ వీడియో తీసి పంపింది. “అమ్మా, మూడు దేశాలు తిరిగొచ్చా, చెప్పులు కూడా అరగలేదు” అని. అప్పుడు బాగానే నవ్వాను.

అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల చదువుకి ఫీజు ఉండదు అంటారు. నిజమే. కానీ పిల్లకి తిండీ, గదీ గడుస్తాయని చూపించడానికి ముందే ఒక ఖాతాలో డబ్బు వెయ్యాలి. 2024 సెప్టెంబరు నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. అందులోంచి నెలకి 992 చొప్పున పిల్ల చేతికి వస్తుంది. మన పైకంలో పదకొండు లక్షలకి పైమాట! నా నాలుగు గాజులు, మా మరిదిగారి ప్లాటు కాగితాలు బ్యాంకులో పెడితే గానీ అది కుదరలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నాకొచ్చిన కోపంలో సగం భయమైతే సగం ఈ డబ్బుదే. దాచుకోవడం దేనికి?

2025 మార్చి. హోలీ వెళ్ళిన మర్నాడు, శనివారం. రంజాన్ నెల కూడాను. మా శాలిబండ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ నెలంతా రాత్రి పగలవుతుంది. హలీం భట్టీల దగ్గర జనం, చార్మినార్ దాకా బండ్ల బారులు. పొద్దున అమ్మాయికి ఫోన్ చేస్తే “లైబ్రరీకి వెళ్తున్నా, సాయంత్రం చేస్తాను” అంది. సాయంత్రం నేనే చేశాను, స్విచాఫ్. రాత్రి తొమ్మిదికి స్విచాఫ్. పదకొండుకీ అదే. వాళ్ళ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక, ఇంకా పడుకునే వేళ కాదు కదా అని లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. మావారు “చార్జింగ్ అయిపోయుంటుంది” అని అటు తిరిగి పడుకున్నారు. మగవాళ్ళ నిద్రని ఏమనాలో మీకు తెలుసు.

రాత్రి ఒంటిగంటన్నరకి తలుపు దబదబా బాదారు. మా మరిది కొడుకు. స్నేహితులతో హలీం తినడానికి వచ్చాడట, ఫోన్‌లో ఎవరిదో మెసేజ్ చూసి స్కూటరు మీద పరుగున వచ్చాడు. “పెద్దమ్మా, అక్క లైన్లో ఉంది, మాట్లాడు.”

“ఎక్కడున్నావే?” అన్నాను. నా గొంతు నాకే వేరే మనిషిదిలా వినిపించింది.

“పారిస్‌లో అమ్మా.”

పక్క మంచం మీంచి మా అత్తగారు లేచి కూర్చుని “ఎక్కడనట? ఫారెస్టా? పిల్ల అడవిల ఉన్నదా?” అని ఏడుపు. గోలకి పక్కింటి ఖాలా, సహరీ వంట కోసం లేచున్నావిడ, గోడ మీంచి “క్యా హువా మా?” అంటూ తొంగి చూసింది.

జరిగింది ఇదీ. స్నేహితులు అయిదుగురు. ఇద్దరు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. వరంగల్ అబ్బాయి, గుంటూరు అమ్మాయి, తక్కిన ఇద్దరు తమిళ పిల్లలు. శుక్రవారం రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి పారిస్‌లో దిగారు. ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సు. శనివారం పొద్దున మెట్రో రైల్లో, తలుపు మూసుకునే క్షణంలో ఎవడో మా పిల్ల జేబులోంచి ఫోన్ లాక్కుని దిగిపోయాడు. అంతే, రైలు కదిలింది.

మరి పక్కవాళ్ళ ఫోన్ నుంచి అమ్మకి చెయ్యొచ్చుగా అని మీరంటారు. నేనూ అదే అడిగాను. నా నంబరు దానికి గుర్తు లేదు! గుర్తున్నది ఒకే ఒక్క నంబరు, చిన్నప్పుడు స్కూల్ డైరీలో రాయించిన ల్యాండ్‌లైన్. దాన్ని మేం తీయించేసి ఏళ్ళయింది. పాపం, దానికే మూడుసార్లు చేసిందట. చివరికి రాత్రి గదికి చేరాక గుంటూరు అమ్మాయి ఫోన్‌లోంచి వెతికి వెతికి మా మరిది కొడుకుని పట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళు అన్నం కలిపి పెట్టాను, పది అంకెలు నేర్పలేదు చూడండి.

పాస్‌పోర్టు పోలేదు. అదొక్కటే అదృష్టం. వెళ్ళేముందు పాత పట్టు జాకెట్ గుడ్డతో నడుముకి కట్టుకునే సంచి కుట్టిచ్చాను, రెండు హుక్కులూ ఒక జిప్పూ పెట్టి. “ఇది కట్టుకుంటే నన్ను చూసి నవ్వుతారమ్మా” అని మూలన పడేసిన పిల్ల, ఆ రోజు మాత్రం కట్టుకుంది. పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు, యాభై యూరోలు అందులో భద్రంగా ఉన్నాయి.

“రో నక్కో మా, బచ్చీ మిల్ గయీ నా” అని ఖాలా నా వీపు నిమిరి, ఖర్జూరాలు చేతిలో పెట్టి వెళ్ళింది. ఆవిడ ఎదురుగా ఉన్నంత సేపు బాగానే ఉన్నాను. ఆవిడ వెళ్ళాక ఫోన్‌లోనే నిప్పులు కురిపించాను. అబద్ధం చెప్పావన్నాను, మగపిల్లలతో రాత్రి బస్సా అన్నాను, గాజులు తాకట్టు పెట్టింది షికార్లకా అన్నాను. అటు నుంచి ఒకే మాట వచ్చింది.

“చెబితే వద్దంటావమ్మా.”

నాలుగు రోజులు దానితో సరిగా మాట్లాడలేదు. అన్నం తిన్నావా, తిన్నా, సరే. అంతే. కానీ ఆ మాట మాత్రం గిన్నెలు తోముతున్నా చెవిలోనే ఉంది. ఎందుకంటే అది నిజం. నేను వద్దనేదాన్నే.

నేను డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వాళ్ళు నాగార్జునసాగర్ తీసుకెళ్ళారు. ఒక్క రాత్రి ప్రయాణం, ముప్ఫయ్ రూపాయలు. లెక్చరర్లు వెంట ఉన్నారు, అందరూ ఆడపిల్లలే. మా నాన్న వద్దన్నారు. కారణం కూడా చెప్పలేదు, వద్దన్నారంతే. నా స్నేహితురాలు నా కోసం ఒక హార్లిక్స్ సీసాలో కృష్ణ నీళ్ళు తెచ్చిచ్చింది. ఆ సీసా పెళ్ళిదాకా అల్మరాలో ఉంది. సాగర్ ఇప్పటికీ చూడలేదు, చెబితే నవ్వుతారు. ఇక్కడి నుంచి నూటయాభై కిలోమీటర్లు!

మన ఊళ్ళో పుట్టిన ఇంకో పిల్ల సంగతి కూడా ఆ రోజుల్లోనే గుర్తొచ్చింది. సరోజినీ నాయుడు గారు. అప్పటికింకా చటోపాధ్యాయ. 1879లో హైదరాబాద్‌లో పుట్టారు. 1895లో, అంటే పదహారేళ్ళకే, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళారు. లండన్‌లో కింగ్స్ కాలేజీ, తరవాత కేంబ్రిడ్జిలో గిర్టన్. మధ్యలో ఇటలీ కూడా చూసొచ్చారు. ఆరోగ్యం బాగోక 1898లో తిరిగొచ్చి, ఆ డిసెంబరులోనే మన తెలుగాయన డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని పెళ్ళాడారు. ఆవిడ ఇల్లు ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ ఆబిడ్స్ వైపు వెళితే కనిపిస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదలైనప్పుడు ఆ ఇంట్లోనే మొదలైంది. నాకు ఆవిడకంటే వాళ్ళమ్మ వరదసుందరి గారి మీదికే మనసు పోయింది. ఓడలో ఉత్తరం వచ్చేసరికి వారాలు. ‘ఇక్కడున్నాను’ అని చదివేసరికి పిల్ల ఇంకో ఊళ్ళో ఉండి ఉంటుంది. నేనేమో పది గంటల స్విచాఫ్‌కే తల్లడిల్లిపోయాను.

సరే, అయిదో రోజు మేమిద్దరం ఒప్పందానికొచ్చాం. అది వెళ్ళేముందు చెప్పాలి. ఎవరెవరు, ఏ బస్సు, రాత్రి ఎక్కడ పడక, అన్నీ. నేను ఊరికే వద్దనకూడదు. వద్దంటే కారణం చెప్పాలి. ఇది రాస్తున్నప్పుడు తేలికగానే ఉంది గానీ, మొన్న జూన్‌లో పరీక్షల ముందు బ్రస్సెల్స్ అంటే ‘పరీక్షలు’ అని కారణం చెప్పే వద్దన్నాను. మానేసింది. రెండు రోజులు మూతి ముడుచుకుంది కూడా. నా కారణం సరైనదేనా అని నాకిప్పటికీ అనుమానమే.

ఆ నాలుగు రోజుల్లో కోపంతోనే అయినా ఊరుకోకుండా చాలా సంగతులు కనుక్కున్నాను, మీకూ పనికొస్తాయి. షెంగెన్ అనే మాట మీరు వినే ఉంటారు. అది లక్సెంబర్గ్ దేశంలో చిన్న పల్లెటూరు. 1985 జూన్‌లో అక్కడ అయిదు దేశాల వాళ్ళు సరిహద్దు తనిఖీలు తగ్గించుకుందామని సంతకాలు చేశారు. ఇప్పుడు 29 దేశాలయ్యాయి. మన పిల్ల వాటిలో ఒక దేశంలో చదువుతూ అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఉంటే, మిగతావాటికి వేరే వీసా లేకుండా వెళ్ళొచ్చు. 180 రోజుల్లో 90 రోజులు మించకూడదు. కార్డొక్కటే చాలదు, పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. ‘ఎవరూ అడగరులే’ అనుకోవద్దని చెప్పండి, 2024 సెప్టెంబరులో జర్మనీ తన నేల సరిహద్దులన్నిటి దగ్గరా మళ్ళీ తనిఖీలు పెట్టింది. ఇంగ్లండు ఈ లెక్కలో లేదు. లండన్‌లో చదివే పిల్లలకి పారిస్ వెళ్ళాలంటే వీసా కావాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు నయాగరా చూడబోయి, వంతెన దాటి కెనడా వైపు నుంచి ఇంకా బాగుంటుందట అని సరదాపడితే, అక్కడా వేరే వీసా ఉండాల్సిందే.

జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా తీసుకున్న పిల్లలకి ఆ కార్డు వెనకవైపు యూరప్ కార్డు ఉంటుంది. తక్కిన యూరోపియన్ యూనియన్ దేశాల్లో చాలా చోట్ల జబ్బు చేస్తే అది చూపించాలి. ఈ సంగతి మా అమ్మాయికే తెలీదు, నేను చెబితే కార్డు తిప్పి చూసుకుంది! ఆపదలో ఆ దేశాలన్నిటా ఒకే నంబరు, 112. అన్నిటికంటే ముందు, మీ ఫోన్ నంబరు పిల్లల చేత ఎక్కంలా అప్పజెప్పించండి. ఒక చీటీ మీద రాసి సంచిలో కూడా వెయ్యండి. ఈ రోజే.

ఇక తిండి సంగతి. ఆ అయిదుగురూ ప్రయాణంలో తిన్నది మా ఇంటి పులిహోరేనట. ఆ మాటతో నా కోపం కాస్త దిగిందని ఒప్పుకుంటాను. పావు కిలో పాత చింతపండు వేడి నీళ్ళలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీయాలి. పెద్ద గ్లాసెడు నువ్వుల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, పదిహేను ఎండుమిర్చి, ఇంగువ, గుప్పెడు కరివేపాకు వేగాక పసుపు, ఉప్పు, గుజ్జు పోసి నూనె పైకి తేలేదాకా సన్నటి సెగ మీద ఉంచాలి. తడి మిగిలితే బూజు పడుతుంది, తొందరపడకండి. దించేముందు వేయించి పొడిచేసిన మెంతులు, ఆవాలు ఒక చెంచాడు. వేయించిన పల్లీలు విడిగా పొట్లం కట్టండి. వేడి అన్నంలో రెండు చెంచాలు కలుపుకుంటే చాలు.

సూట్‌కేసులో ఏవి పెట్టకూడదో కూడా వినండి. యూరప్ వాళ్ళు బయటి దేశాల నుంచి ప్రయాణికులు తెచ్చే మాంసం, పాల పదార్థాలు రానివ్వరు. అంటే మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. 2019 డిసెంబరు నుంచి పచ్చి ఆకులకీ, చాలా కూరగాయలకీ, పళ్ళకీ సర్టిఫికెట్ కావాలి కాబట్టి పచ్చి కరివేపాకు కూడా దాచి పంపకండి. ఎండబెట్టి పొడి కొట్టివ్వండి. అరటిపళ్ళకీ కొబ్బరికాయకీ మాత్రం పేచీ లేదు. కొబ్బరికాయ ఎవరు మోసుకెళ్తారని అడక్కండి, మా అత్తగారు పెట్టారు.

అన్నట్టు ఆ పారిస్ ప్రయాణానికి మొత్తం 120 యూరోలు దాటింది, పోయిన ఫోన్ కాక. మన డబ్బుల్లో పదకొండు వేలు. ఖాళీ సీసాలు దుకాణంలో తిరిగిచ్చి పోగేసినవి కొన్నట. అక్కడ కొన్ని ప్లాస్టిక్ సీసాలకి ఒక్కోదానికి పావు యూరో వెనక్కిస్తారు. ఈఫిల్ టవర్ లిఫ్టుకి డబ్బెక్కువని రెండో అంతస్తు దాకా 674 మెట్లు నడిచి ఎక్కారు. చార్మినార్ నీడలో పెరిగిన పిల్ల, దాని మెట్లెక్కింది రెండుసార్లే. ఫోన్ పోయిన ఏడుపుతోనే ఎక్కానని, పైకెళ్ళాక మర్చిపోయానని చెప్పింది. ఆ మాట మొదటి రోజు చెప్పి ఉంటే చంపేసేదాన్ని.

వచ్చే నెల ప్రేగ్ అట. నిన్న జాబితా పంపింది. బస్సు వేళలు, గది అడ్రసు, నలుగురి పేర్లు. అందులో ఒక పేరు నాకు నోరు తిరగలేదు. వియత్నాం అమ్మాయట. ఆ పిల్ల తల్లి నంబరు కూడా తీసుకో అన్నాను. తీసుకుంది. నంబరు నా దగ్గరే ఉంది, ఫ్రిజ్ మీద అతికించాను. ఆవిడకి ఫోన్ చేస్తే ఏ భాషలో మాట్లాడాలో తెలీదు. ఆవిడ దగ్గరా నా నంబరు ఉందట.