యంత్రం తిరిగేదాకా తోడెవరు?

చింతకింది మల్లేశంది ఆలేరు ప్రాంతపు నేతకుటుంబం. చదువు ఆరో తరగతిలో ఆగింది. ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే తల్లి చెయ్యి సుమారు 9 వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆమె భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టాడు. అది తిరిగేసరికి 1999 వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, దండలు పడ్డాయి. ఆ ఏడేళ్లూ మాత్రం అప్పులు, ఎగతాళి.

నాయుడుపేట పక్కనే మేనకూరు సెజ్ వుంది. అటు వెంకటగిరిలో మగ్గాలున్నాయి. రైతు కష్టం విని పనిముట్టు మార్చి ఇవ్వగల వెల్డింగు మేస్త్రీలకూ కొదవలేదు. ముద్ర రుణానికి పూచీకత్తు అక్కరలేదంటారు, నిజమే. కాని బ్యాంకు అడిగేది వ్యాపారం లెక్కలు. సగం తయారైన యంత్రానికి లెక్కలెక్కడివి?

2025లో తిరుపతికి రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చింది. మంచిదే. అది కాలేజీ కుర్రాళ్లతోనే సరిపెట్టుకోక, నెలకొకసారి నాయుడుపేటలో మకాం వెయ్యాలి. నమూనాకు లేత్ ఖర్చు భరించాలి. పేటెంటు దరఖాస్తు రాసిపెట్టే మనిషిని వెంట తేవాలి. దరఖాస్తుకు ముందే సంతలో చూపిస్తే హక్కు పోవచ్చునని మేస్త్రీకి చెప్పేవారెవరు? జిల్లా పరిశ్రమల కేంద్రం వారు ఆ మకాం తేదీలను ముందుగానే పంచాయతీ ఆఫీసుల గోడలకు అంటించాలి.